ఫైటింగ్ గేములకు స్టిక్: రెడీమేడ్ తీసుకోవాల్నా, డబ్బా చేయించుకోవాల్నా?

జడ్చర్ల_జబ్:

అన్నలూ, పీసీల టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 ఆడుత. ఇప్పటిదాక ప్యాడే, ఇగ స్టిక్‌కు, అంటే చేతితోని తిప్పే లివర్, పెద్ద బటన్లు ఉన్న డబ్బాకు, మారుదామనుకుంటున్న. బడ్జెట్ 8 వేలు, వెయ్యి అటో ఇటో. ముందుముందు పీఎస్5 కొనే ఆలోచన ఉంది, అప్పుడు గూడ పనికి రావాలె. ఆన్‌లైన్‌ల దొరికే ‘జీరో డిలే’ కిట్టు తెప్పించి పాలమూరుల డబ్బా చేయించుడు మంచిదా, మేఫ్లాష్ ఎఫ్300 లాంటిది రెడీమేడ్ తీసుకునుడు మంచిదా? లివర్‌ల సాన్వా (జపాన్ కంపెనీ) అంటరు, కొరియన్ అంటరు, తేడా ఏందో సమజైత లేదు. టేబుల్ లేదు, కిందనే కూసొని ఆడుత.

క్లాక్‌టవర్_కాంబో, నల్లగొండ:

తమ్మీ, అందరూ లివర్ తోని మొదలువెడ్తరు. నువ్వు లోపలి బోర్డు తోని, అంటే నొక్కింది గేముకు చేరేసే సర్క్యూట్ తోని, మొదలువెట్టు. లివర్, బటన్లు ఎప్పుడైనా పది నిమిషాల్ల మార్చుకోవచ్చు. ఏ మెషీన్ మీద నడుస్తదనేది మాత్రం బోర్డు చేతిల ఉంటది.

జీరో డిలే అన్నది పేరు మాత్రమే, నొక్కింది గేముకు చేరనీకి డిలే ఉంటది. సెకనుకు 60 ఫ్రేములల్ల ఒక ఫ్రేమ్ అంటే 16.67 మిల్లీసెకండ్లు. త్రో (ఎదుటోడు పట్టి విసిరేది) తప్పించుకునేటప్పుడు ఆ కొంచెమే కొంప ముంచుతది. ఇంకో తలనొప్పి, ఈ బోర్డు విండోస్‌కు ఎక్స్‌ఇన్‌పుట్ (ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పద్ధతి) లెక్క కనవడదు. గేముల యాప్ స్టీమ్‌ల ఉండే స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ జేస్తే పని నడుస్తది గని, స్టీమ్ బయటి గేములకు తిప్పలే.

పీసీ వరకైతే రాస్‌ప్‌బెర్రీ పై పైకో అనే చిన్న బోర్డు మీద జీపీ2040-సీఈ ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) వెయ్యి. డిలే 1 మిల్లీసెకండు లోపలే. పైకో మీదున్న బూట్‌సెల్ బటన్ వట్టుకొని యూఎస్‌బీ గుచ్చితే పెన్‌డ్రైవ్ లెక్క తెరుచుకుంటది, అండ్ల ఆ ఫర్మ్‌వేర్ యూఎఫ్2 ఫైలు ఏసుడే. పైకో, వైర్లు కోఠి గుజరాతీ గల్లీల దొర్కుతయి. సాన్వా సామాను అక్కడ ఎతుక్కోకు, ఆన్‌లైనే దిక్కు.

పీఎస్5 సంగతి వేరు. పీఎస్4 స్టిక్కులు పీఎస్5 గేములకు మామూలుగా నడువయి, గేమ్ చేసినోళ్ళు వీలు ఇస్తెనే నడుస్తయి. స్ట్రీట్ ఫైటర్ 6ల ఇచ్చిన్రు. లైసెన్సు చిప్పు లేని బోర్డును పీఎస్4 మోడ్‌ల వెడితే 8 నిమిషాలకు కనెక్షన్ తెగిపోతది. అందుకే ఎఫ్300ల అసలు కంట్రోలర్ గుచ్చనీకి ఒక యూఎస్‌బీ పోర్టు ఇచ్చిన్రు. ఇప్పుడే పీఎస్5 కోసమని పైసలు పెట్టకు. కొన్ననాడు బ్రూక్ వాళ్ళ వింగ్‌మన్ ఎఫ్‌జీసీ కన్వర్టర్ తీసుకుంటే అయిపాయె.

పాలమూరు_పంచ్:

బోర్డు గురించి అన్న చెప్పిందే నా మాట గూడ. లివర్ సంగతి నేను చెప్త.

సాన్వా జేఎల్ఎఫ్‌ల స్ప్రింగు ఉంటది, చుట్టూ లివర్‌ను ఆపే చతురస్రం గేటు. మూలకు నూకితే అక్కడ ఆగుతది. గైల్ లెక్క చార్జ్ క్యారెక్టర్లకు (దిక్కును కొంచెంసేపు పట్టి ఉంచి దెబ్బ వేసేటోళ్ళకు) కింద-వెనక మూలల పెట్టి ఉంచుడు శాన సులువు. కొత్తోళ్ళు చేసే తప్పు ఏందంటే, హదోకెన్ (లివర్‌ను కింది నుంచి ముందుకు తిప్పి వేసే దెబ్బ) ఏసేటప్పుడు గేటు గోడలను రాసుకుంట తిప్పుతరు. చెయ్యి నొస్తది, ఇన్‌పుట్ ఆలస్యమైతది. స్విచ్ ‘టిక్’మన్న కాడనే ఆగి మళ్ళాలె, గోడ దాక పోవద్దు.

కొరియన్ లివర్‌ల, అంటే క్రౌన్ 309 లాంటిదాంట్ల, స్ప్రింగు బదులు రబ్బరు ఉంటది. మూలలు ఉండవు. ఇడిచిపెడితే టక్కున నడిమికి వస్తది. టెక్కెన్‌ల గబగబ వెనక్కి జరిగే కొరియన్ బ్యాక్‌డ్యాష్, అంటే వెనక, వెనక, కింద-వెనక, మల్ల వెనక, ఇట్ల గబగబ కొట్టేటప్పుడు ఆ తిరిగొచ్చే వేగమే అక్కెరకొస్తది. రబ్బరు గట్టిదనాన్ని అంకెలల్ల చెప్తరు. అంకె పెద్దగైతే రబ్బరు గట్టిగుంటది, మొదటిసారి 35 సాలు. కొనేటప్పుడు 5 పిన్నుల కనెక్టర్ ఉన్నదేనా అని సూడు. పాత రకం వాటికి ఒక్కో స్విచ్‌కు వేరువేరుగ వైరు గుంజాలె.

రెండు గేములూ సమానంగ ఆడితే జేఎల్ఎఫ్. టెక్కెనే ఎక్కువైతే కొరియన్. అష్టకోణం గేటు కొత్తోళ్ళకు మంచిదని ఎవలన్న చెప్తే ఇనకు. మూలల దిక్కు జాగ తక్కువైతది, ముందుకు దుంకుదామంటే నిటారుగ లేస్తవ్.

వడ్ల_పని_తెలిసినోడు, మిర్యాలగూడ:

గేటు సంగతిల పంచ్‌తోని నేను ఒప్పుకోను. అష్టకోణంల చేతికి ఆ గాడి తగిలితె కొంతమందికి దిక్కు తెలుస్తది. అది అలవాటు మీద ఉంటది, సరే.

డబ్బా గురించి ఇను. ఆన్‌లైన్‌ల అందరు కొనే సాన్వా ఓబీఎస్ఎఫ్-30 బటన్లు నొక్కి బిగించే రకం. వాటి ముళ్ళు సన్నటి రేకునో, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్‌నో పట్టుకుంటయి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ల వెడితే ముళ్ళకు ఆసరా దొరకదు, ఆటల బటన్ పైకి లేస్తది. చెక్కకైతే మరతో బిగించే ఓబీఎస్ఎన్-30 తీసుకో. లివర్‌దీ అదే కథ. 12 మిల్లీమీటర్ల చెక్కకు కిందికెళ్ళి బిగిస్తే షాఫ్ట్ పొట్టిగైతది, గుండు డబ్బాకు అంటుకున్నట్టు ఉంటది.

చెక్క ఫ్రేమ్, పైన 3 మిల్లీమీటర్ల అక్రిలిక్, ఇదే మంచి పద్ధతి. బటన్ల కింద చెక్కను ఒక్కొక్క బొక్క లెక్క కాదు, మొత్తం జాగనే కోసెయ్యాలె. లివర్ ప్లేటును మాత్రం అక్రిలిక్‌కు కాకుంట చెక్కకు బిగియ్యి, కింది నుంచి గాడి తొలిచి అక్కడ చెక్క 4, 5 మిల్లీమీటర్లే మిగిలేటట్టు చెయ్యి. అక్రిలిక్‌ను హోల్‌సాతో కొయ్యకు, పగులుతది. ఎల్ఈడీ బోర్డులు, నంబర్ ప్లేట్లు చేసే షాపుల లేజర్ తోని కోయించు.

బటన్ల డిజైన్ కాగితం జిరాక్స్ షాపుల ప్రింట్ తీస్తే వాళ్ళు ‘ఫిట్ టు పేజ్’ మీదనే తీస్తరు, సైజు తగ్గుతది. 100 శాతం పెట్టమని చెప్పి, ఇంటికొచ్చినంక ఒక గుండ్రాన్ని స్కేలు తోని కొలువు. సక్కగ 30 మిల్లీమీటర్లు రావాలె. 29 ఉన్నా చింపెయ్యి.

లోపల 60 మిల్లీమీటర్ల లోతు ఉంచు. కిందనే కూసుంటవు కాబట్టి డబ్బాను పీట మీద వెట్టి ఆడు, ఒడిల అయితే వంకరపోతది. 2 కిలోలకు తక్కువుంటే ఊకె జరుగుతది, అడుగుకు రబ్బరు షీటు అంటియ్యి.

వైర్ల క్లిప్పులు 2.8 మిల్లీమీటర్లవి కావాలె. ఆటో ఎలక్ట్రికల్ షాపుల ఉండేవి 6.3, లూజు కాదు, అసలే పట్టయి. అట్లని బటన్ కాళ్ళకు నేరుగా సోల్డర్ చెయ్యకు, వేడికి లోపలి స్విచ్ కరుగుతది.

జడ్చర్ల_జబ్:

పైకో, జేఎల్ఎఫ్ తీసుకున్న, డబ్బా అయింది. రెండు తిప్పలు. పైకి నూకితే ఎడమకు పోతుంది, ఎడమకు నూకితే కిందికి. కింది వరుసల మూడో బటన్ కాడికెళ్ళి ఏదీ పనిచేస్త లేదు.

క్లాక్‌టవర్_కాంబో, నల్లగొండ:

మొదటిది, లివర్‌ను పావు చుట్టు తిప్పి బిగించినవు. ఇప్పి మల్ల బిగియ్యాల్సిన పని లేదు. స్టార్ట్ బటన్ వట్టుకొని యూఎస్‌బీ గుచ్చి, బ్రౌజర్‌ల 192.168.7.1 తెరిచి, నాలుగు దిక్కుల పిన్నులు మార్చు.

రెండోది గ్రౌండ్ వైరు. ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు గొలుసు లెక్క పోతది గద. రెండో బటన్‌కు, మూడో బటన్‌కు నడుమ క్లిప్పు ఊడి ఉంటది, దాని తర్వాతియన్నీ సచ్చినట్టే. అది సరిచేసి, గొలుసు కొసను గూడ పైకోల ఇంకో గ్రౌండ్ పిన్నుకు కలుపు. ఇగ ఒక్క కాడ ఊడినా రెండో దిక్కు నుంచి నడుస్తది.

విండోస్‌ల రన్ డబ్బా తెరిచి ‘జాయ్ డాట్ సీపీఎల్’ను ఇంగ్లీషుల కొట్టి అన్ని బటన్లు ఒకసారి సూస్కో. మూల దిక్కులు అస్సలు రాకుంటే గేటు 45 డిగ్రీలు తిరిగి నాలుగు దిక్కుల మోడ్‌ల ఉన్నట్టు.

వడ్ల_పని_తెలిసినోడు, మిర్యాలగూడ:

మూత బిగించే ముందు యూఎస్‌బీ కేబుల్‌ను లోపల చెక్కకు క్లిప్పు వెట్టి కట్టు. కాలికి తట్టుకొని గుంజితే పైకో మీది మైక్రో పోర్టే ఊడొస్తది, అప్పుడు బోర్డు మొత్తం మార్చాలె.