కావలి–ఒంగోలు హైవేకి మారే స్పీడ్ బోర్డులు పనికొస్తాయా?

కావలి వాసి:
వాన, పొగమంచు, రద్దీని బట్టి స్పీడ్ లిమిట్ మార్చి చూపించే ఎలక్ట్రానిక్ బోర్డులు మన 16వ నంబరు హైవేకి కావాలంటాను. ఇప్పుడు కారుకు 100, సరుకు లారీకి 80. ఎండాకాలంలోనూ అంతే, నవంబరు తుఫాను వానలోనూ అంతే. పొడి రోడ్డు మీదే 60లో పోయే కారుతో పోలిస్తే 100లో పోయే కారు బ్రేకు నొక్కాక ఆగడానికి దాదాపు మూడు రెట్లు దూరం పడుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. మీరేమంటారు?

సింగరాయకొండ:
అన్నా, ఉన్న బోర్డునే ఎవరూ చూడటం లేదు. కెమెరా దగ్గర బ్రేకు వేస్తారు, దాటగానే మళ్లీ తొక్కుతారు. ఆ డబ్బుతో ఊళ్ల దగ్గర అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు వేస్తే బైకులు రాంగ్ రూట్‌లో రావు.

గ్రానైట్ లారీ:
నేను చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి రాయి తోలతాను. నాకు టెన్షన్ పెట్టేది బళ్ల స్పీడుల మధ్య తేడా. నేను 50లో పోతుంటే వెనక నుంచి కారు 120లో వస్తుంది. ముందు బండి సడన్‌గా ఆగితే నా లోడు ఆగదు. అందరూ కాస్త దగ్గర స్పీడులో పోతే లేన్లు మారడం, ఓవర్‌టేకులు తగ్గుతాయి. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర వరదకి హైవే తెగింది కదా, అలాంటప్పుడు కొన్ని కిలోమీటర్ల ముందే బోర్డు మీద కనబడితే నిదానంగా తగ్గించుకుంటాం.

కావలి వాసి:
సింగరాయకొండ గారూ, కెమెరా గురించి మీరన్నది నిజమే. లండన్ చుట్టూ ఉన్న ఎం25 రోడ్డు మీద 1995 నుంచి ఇలాంటి బోర్డులున్నాయి, వాటికి కెమెరాలు కూడా ముడిపెట్టారు. మన దగ్గర రెండు చోట్ల మధ్య పట్టిన టైమును బట్టి సగటు స్పీడు లెక్కగట్టే కెమెరాలు పెట్టాలి. అప్పుడు ఒక్కచోట బ్రేకు వేసి తప్పించుకోలేరు. ఇంకో మాట. ఖాళీ రోడ్డు మీద, మంచి ఎండలో 60 అని చూపిస్తే మర్నాటి నుంచి ఎవరూ నమ్మరు. అంకె పక్కన ‘వాన’, ‘ముందు ప్రమాదం’ అని కారణం కూడా రాయాలి. వాన వెలిసిన వెంటనే అంకె మారాలి. ఉత్తరప్రదేశ్‌లోని యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పొగమంచు వల్ల చలికాలమంతా లిమిట్ తగ్గిస్తారు. అది లేనిదాని కంటే మేలే గానీ, మంచు లేని మధ్యాహ్నం కూడా అదే లిమిట్ అంటే డ్రైవరుకి ఎలా నచ్చుతుంది?

సింగరాయకొండ:
వానకైతే సరే, ఒప్పుకుంటా. కానీ మా ఊరి క్రాసింగ్ దగ్గర బడి పిల్లలు రోజూ రోడ్డు దాటతారు. అక్కడ మారే అంకె వద్దు, ఎప్పుడూ 50 ఉండాలి. ముందు దానికి డబ్బు పెట్టండి.