‘టెథర్’కు ‘పలుపు’ కుదురుతదా?

హన్మకొండ నుంచి ప్రశ్న:
డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకు కణజీవశాస్త్రం నోట్సు రాస్తున్న. కణంలో పొరతిత్తుల రాకపోకలు, వాటిని నడిపే రాబ్ ప్రోటీన్ల పాఠం. వచ్చిన తిత్తిని గమ్యం దగ్గర ముందుగ అందుకునేది టెథర్. ‘బంధకం’ అని రాస్తే పిల్లలు రసాయన బంధం అనుకుంటున్నరు. మన దిక్కు గొడ్లను కట్టే ‘పలుపు’ అంటే ఎట్లుంటది?

జనగామ:
వినడానికి బాగుంది సార్. గాని ఎర్లీ ఎండోజోమ్ (బయటి నుంచి కణంలోకి వచ్చిన సరుకు ముందుగ చేరే అర) మీది ఈఈఏ1 అనే టెథర్ ప్రోటీన్ సంగతి చూడండి. పొడవు సుమారు 200 నానోమీటర్లు. ఒక కొస ఎండోజోమ్ పొరలోని పీఐ3పీ అనే కొవ్వును పట్టుకుంటది, రెండో కొసకు తిత్తి మీది రాబ్5 అందాలె. అందేదాక దాదాపు నిటారుగ ఉంటది. రాబ్5 తగలంగనే వదులై ముడుచుకుంటది, దాంతోటి తిత్తి దగ్గరికొస్తది. పలుపు గొడ్డును పోనియ్యదు, అంతే. దగ్గరికి గుంజదు గదా!

కరీంనగర్:
పైగా టెథర్లన్నీ పొడుగ్గ ఉండవు. ప్లాస్మాత్వచం (కణం బయటి పొర) దగ్గరి ఎక్సోసిస్ట్ అనే టెథర్ 8 ప్రోటీన్ల గుంపు, దాన్ని పలుపు అంటే ఎవరొప్పుకుంటరు?
నాకు అంతకంటె రాబ్‌ను ఆడించే జీఈఎఫ్, గ్యాప్, జీడీఐ అనే ప్రోటీన్లన్నిటినీ ‘నియంత్రక ప్రోటీన్లు’ అని ఒకే గాటన కట్టడం మీదనే అభ్యంతరం. జీటీపీ అనే చిన్న అణువు పట్టుకొని ఉంటే రాబ్ ఆన్, అది విడిపోయి మిగిలే జీడీపీ ఉంటే ఆఫ్. జీఈఎఫ్ జీడీపీని ఊడగొడితే, కణంలో ఎక్కువగ ఉండే జీటీపీ ఆ జాగలకు వస్తది. జీటీపీని విడగొట్టడం రాబ్‌కు సొంతంగ చాన నెమ్మది పని, గ్యాప్ దాన్ని వేగం చేస్తది. గ్యాప్‌ను ‘నిరోధకం’ అని రాసిన నోట్సులున్నయి, అది తప్పు. చర్యను ఆపదు, ఉరికిస్తది, ఆరిపోయేది రాబ్. ఆరిన రాబ్‌ను జీడీఐ పొర నుంచి పీకి, దాని కొవ్వుతోకలను తనలో దాచుకొని సైటోసోల్‌లో (కణంలోని ద్రవంలో) తిప్పుతది.
రాబ్5లో 79వ గ్లుటమిన్ బదులు ల్యూసిన్ పెడితే జీటీపీ విడిపోదు. ఎండోజోమ్‌లు ఒకదాంట్లో ఒకటి కలుస్తనే పోయి ఉబ్బుతయి. పరీక్షలో అడగదగ్గ ముచ్చట ఇది.

జనగామ:
తిత్తిని గమ్యం పొరతోటి కలపడం మాత్రం టెథర్ ఖాతాలో వెయ్యకండి. అది స్నేర్‌లు అనే పొరల మీది ప్రోటీన్ల పని: వాటి నాలుగు హెలిక్స్‌లు (మెలి తిరిగిన పేటలు) పెనవేసుకొని రెండు పొరలను ఒత్తుతయి. కలిసినంక ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఏటీపీ ఖర్చుపెట్టి ఆ పేటలను విప్పుతది. విప్పకపోతే మరుసారికి స్నేర్‌లు మిగలవు. ధనుర్వాతం విషం నరాల్లో కోసేది ఒక స్నేర్‌నే, సినాప్టోబ్రెవిన్‌ను.

హన్మకొండ:
అయితే శీర్షికలో ‘టెథర్’ అనే ఉంచుత. ఈఈఏ1 బొమ్మ కింద ‘ముడుచుకునే పలుపు’ అని రాస్త. గ్యాప్ పక్కన ‘నిరోధకం’ నా నోట్సుల గూడ ఉంది, కొట్టేస్తున్న. ‘జీటీపీ విచ్ఛేదన ప్రేరకం’ అంటే మరీ బరువైతదా?

కరీంనగర్:
బరువే గాని తప్పు లేదు. రాయండి.