21 జీబీ క్లిప్పు కెమెరా నుంచి ల్యాప్‌టాప్‌కి సగంలో ఆగిపోతోంది

టీనగర్_టైమ్‌లైన్:
పెళ్లి ఫుటేజ్. 128 జీబీ ఎస్‌డీఎక్స్‌సీ కార్డు, వి60 వేగం రకం. ముహూర్తం అంతా ఒకే 4కె క్లిప్పు, 21 జీబీ. కెమెరాకి యూఎస్‌బీ వైరు పెట్టి విండోస్ ల్యాప్‌టాప్‌లోకి లాగితే 60–70 శాతం దగ్గర కెమెరా మాయమవుతోంది. చిన్న క్లిప్పులు సుబ్బరంగా వస్తున్నాయి. పెళ్లివాళ్ల 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది, ల్యాప్‌టాప్‌లోని ఇంకో 6 జీబీ క్లిప్పు దాన్లో వేస్తే ‘ఫైల్ టూ లార్జ్’ అంటోంది. కార్డు పోయినట్టేనా? రేపు ఇంకో ఫంక్షన్, ఫార్మాట్ కొట్టాలి.

నీలిరంగు_పోర్టు:
ఫార్మాట్ మాట ఎత్తకండి. రేపటికి ఇంకో కార్డు చూసుకోండి.

పెన్‌డ్రైవ్ గొడవ వేరు. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, ఖాళీ ఎంతున్నా లాభం లేదు. లోపల ఏమీ లేకపోతే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు. వాళ్లు టీవీలోనే చూస్తామంటే 4 జీబీ లోపు ముక్కలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి.

ఇక అసలు సంగతి. శాతం చూడకండి, గడియారం చూడండి. యూఎస్‌బీ 2.0 వైరులో సెకనుకి దాదాపు 35 ఎంబీ వస్తుంది. ఆ లెక్కన 21 జీబీకి 10 నిమిషాలు, 65 శాతం అంటే ఆరున్నర నిమిషాలు. చిన్న క్లిప్పులకి అంతసేపు పట్టదు కాబట్టే అవి వచ్చేస్తున్నాయి. ప్రతిసారీ సరిగ్గా అదే నిమిషానికి తెగితే కెమెరాలో పవర్ సేవ్ టైమర్ మీద అనుమానం. దాన్ని ఆఫ్ చేసి, నిండు బ్యాటరీతో మళ్లీ పెట్టండి. ఒక్కోసారి ఒక్కోచోట తెగితే వైరో, పోర్టో. మధ్యలో హబ్ ఉంటే తీసేయండి.

రిచీస్ట్రీట్_రీడర్:
టైమర్ దాకా ఎందుకు అన్నా, కెమెరానే పక్కన పెట్టేయండి. కార్డు తీసి రీడర్‌లో పెడితే డ్రైవ్ లెటర్ వస్తుంది, ఎమ్‌టీపీ (కెమెరా వైరు ద్వారా ఫైళ్లు పంపే పద్ధతి) తంటా ఉండదు.

రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) రీడర్ కొనేటప్పుడు ‘యూఎస్‌బీ 3.0’ అన్న ముక్క ఒక్కటే చూసి తీసుకోకండి. మీ కార్డు వెనక కాంటాక్టులు రెండు వరసలుంటే అది యూహెచ్‌ఎస్-2, ఎక్కువ వేగం రకం. రీడర్ యూహెచ్‌ఎస్-1 అయితే రెండో వరసని ముట్టుకోదు, వేగం 90 ఎంబీ దగ్గర ఆగుతుంది. అయినా 21 జీబీ నాలుగు నిమిషాల పని.

కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడండి. స్లాష్ జె (/J) పెడితే పెద్ద ఫైళ్లని బఫర్ లేకుండా, అంటే మధ్యలో మెమరీలో దాచుకోకుండా రాస్తుంది. స్లాష్ ఆర్ కోలన్ 2 (/R:2) కూడా పెట్టాలి, లేకపోతే తప్పు వచ్చినచోట పది లక్షలసార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. క్లిప్పు ఒక్కటే కాదు, కార్డులోని ఫోల్డర్లన్నీ యథాతథంగా తెచ్చుకోండి.

ముడి_ఫుటేజ్:
పైవాళ్లు వదిలేసిన మాట ఒకటుంది. కార్డు పెట్టగానే విండోస్ ‘స్కాన్ అండ్ ఫిక్స్’ అంటే నొక్కొద్దు, అది కార్డు మీద రాస్తుంది. ముందు కాపీ కానివ్వండి. కార్డు పక్కనున్న లాక్ మీటని కిందికి జరిపి పెడితే ఇంకా మంచిది.

రీడర్‌లోనూ ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ (డేటా సరిగ్గా చదవలేకపోయిందన్న తప్పు) అని వస్తే అప్పుడు కార్డుని అనుమానించాలి. ముందు కాంటాక్టుల మీది చేతి జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆరనిచ్చి చూడండి. అదే తప్పు మళ్లీ వస్తే పదేపదే కాపీ కొట్టకుండా డీడీరెస్క్యూ అనే రికవరీ ప్రోగ్రామ్‌తో మొత్తం కార్డుకి ఇమేజ్ (అచ్చు నకలు ఫైలు) తీయండి.

కాపీ అయ్యాక సైజు కలిసిందని సంబరపడొద్దు. కార్డు ఎజెక్ట్ చేసి మళ్లీ పెట్టి, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో రెండుచోట్లా షా256 (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) తీసి పోల్చండి. ఎజెక్ట్ చేయకపోతే విండోస్ తన మెమరీలో ఉన్నదాన్నే చదివి లెక్క చెప్పే ప్రమాదం ఉంది. రెండు వేర్వేరు డిస్కుల్లో సరిపోయాకే ఫార్మాట్, అదీ కెమెరాలోనే.

టీనగర్_టైమ్‌లైన్:
కెమెరాలో పవర్ సేవ్ 5 నిమిషాలకి ఉంది. ఆఫ్ చేసినా తెగింది, ఈసారి 40 శాతం దగ్గరే.

నీలిరంగు_పోర్టు:
అయితే వైరే. రీడర్ తెచ్చుకోండి.