పాత వ్యాగన్ ఆర్: ఆక్సిజన్ సెన్సర్లు రెండూ మార్చాల్నా, ఒక్కటి చాలా?

పరకాల_పెట్రోల్

అన్నలారా, నాది 2014 మోడల్ వ్యాగన్ ఆర్, పెట్రోల్ బండి. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. పరకాల నుంచి హనుమకొండకు డ్యూటీకి దీంట్లనే పోయివస్త. ఇదివరకు లీటరుకు 17, 18 ఇచ్చేది. ఇప్పుడు 13 దాటుతలేదు. ఒకే బంకుల ఫుల్ ట్యాంకు కొట్టించి లెక్క చూసిన, అంచనా మీద చెప్తలేను. టైర్లల్ల గాలి సరిగ్గనే ఉంది, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు కొత్తవి. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతలేదు. కాని పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ కాడ పెట్రోల్ వాసన గుప్పుమంటది, లోపల వేలు పెడితే నల్లటి మసి అంటుతది.

షెడ్డుల చూపిస్తే "ఆక్సిజన్ సెన్సర్లు రెండూ పోయినయి, రెండూ మార్చాలె" అన్నరు. స్కానర్ పెట్టలే, ఊకె చూసే చెప్పిండ్రు. రెండిటికి కలిపి చెప్పిన రేటు నా జీతానికి బరువే. మార్చినోళ్లకు నిజంగ తేడా కనిపించిందా?

కరీంనగర్_ఆల్టో

నాకు కనిపించింది భయ్యా. ముందర సెన్సర్ ఒక్కటే మార్పించిన, మసి తగ్గింది, పికప్ కూడా మంచిగైంది. అమెరికా ప్రభుత్వపు మైలేజ్ వెబ్‌సైట్ల అయితే 40 శాతం దాక పెరగొచ్చని రాసిండ్రు. మార్పించు, ఆలోచించకు.

ములుగురోడ్డు_ఎలక్ట్రికల్

ఆ 40 శాతం చూసి ఆశపడకు తమ్మీ. సెన్సర్ పూర్తిగ చెడిపోయి బండి బాగా తాగుతున్నప్పుడు, అది బాగుచేస్తే వచ్చే గరిష్ఠం లెక్క అది. అందరికీ రాదు.

ముందుగాల రెండు సెన్సర్ల పని వేరు అని తెలుసుకో. ముందరిది ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే పైపు, అంటే మానిఫోల్డ్ దగ్గర, పొగల విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుంటది. పొగల ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్‌కు చెప్తది. దాన్ని బట్టే కంప్యూటర్ ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కలిసేటట్టు చూస్తది. వెనక సెన్సర్ ముఖ్యంగ కన్వర్టర్ పనిచేస్తుందా లేదా అని కాపలా కాసేది. మైలేజ్ పడిపోయిందని దాన్ని మార్చుడు పైసలు పారేసుకున్నట్టే. ఈ మాట నేను గట్టిగ చెప్త, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల చానామంది రెండూ మార్పించుకొని, మైలేజ్ మాత్రం అట్లనే ఉందని వస్తరు.

ముందర సెన్సర్ ముసలిదైతే అది మొద్దుబారిన నాలుక లెక్క. కూరల ఉప్పు ఉన్నా లేదంటది, కంప్యూటర్ ఇంకింత వేస్తది. నీ మసి, వాసన దానివల్ల కావొచ్చు. కాని "కావొచ్చు" అనే మాట మీద పైసలు పెట్టొద్దు.

బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్ల చూపించే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ వెయ్యి లోపే దొరుకుతది. స్టీరింగ్ కింది సాకెట్‌కు పెట్టి, ఫోన్ల యాప్ వేసుకో. ఇంజన్ బాగా వేడైనంక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ముందర సెన్సర్ వోల్టేజ్ చూడు. మంచి జిర్కోనియా సెన్సర్ అయితే 0.1కి 0.9కి మధ్య చకచకా ఎగిరిపడుతది. మెల్లగ పాకితే, లేకుంటే ఒక్క దగ్గరనే నిలిస్తే అనుమానించాలె. దాని పక్కనే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచుతుందో, తగ్గిస్తుందో ఆ లెక్క), కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ కూడా రాసిపెట్టు. ఈ మూడూ ఇక్కడ పెడితే చెప్త.

పరకాల_పెట్రోల్

అన్నా, చూసిన. వోల్టేజ్ ఎక్కువసేపు 0.1, 0.3 మధ్యనే ఉంటుంది, మెల్లగ పైకి పోయి మళ్ల దిగుతుంది. ట్రిమ్ ప్లస్ 14. కూలెంట్ హైవే మీద 63 దాటలే. ఇది మంచిదే కదా, బండి చల్లగ ఉంటుందని?

ములుగురోడ్డు_ఎలక్ట్రికల్

మంచిది కాదు తమ్మీ, అసలు దొంగల్ల ఒకడు దొరికిండు. నీ బండికి థర్మోస్టాట్, అంటే కూలెంట్ రేడియేటర్‌కు పోయే దారిని మూసి తెరిచేది, లేదు, లేకుంటే తెరుచుకొనే ఉండిపోయింది. మన దిక్కు ఎండాకాలం బండి వేడెక్కుతదని దాన్ని పీకి పారేసే అలవాటు ఉంది. అది 80 డిగ్రీలు దాటినంక తెరుచుకుంటది, ఇంజన్ ఇంకా వేడెక్కితే పూర్తిగ తెరుచుకుంటది, ఎండకు అడ్డుపడదు. అది లేకపోతే ఇంజన్ ఇంకా చల్లగనే ఉందనుకొని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తది. నలభై అయిదు డిగ్రీల ఎండల కూడా ఆ థర్మోస్టాట్ ఉండాల్సిందే. ముందు అది వేయించు.

ఇగ రెండోది. ట్రిమ్ ప్లస్‌ల ఉంది అంటే, పెట్రోల్ తక్కువైందని కంప్యూటర్ ఇంకా కలుపుతుంది. కాని సైలెన్సర్ల మసి ఉంది, అంటే పెట్రోల్ ఎక్కువే ఉంది. సెన్సర్ తప్పు చెప్తుందన్నట్టు. అయితే సెన్సర్ కంటే ముందు పైపుల సందు ఉన్నా గిట్లనే అయితది, బయటి గాలి లోపలికి గుంజుకొని "ఆక్సిజన్ ఎక్కువుంది" అని చూపిస్తది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఇంకొకరిని సైలెన్సర్ నోటికి తడిగుడ్డ కొంచెంసేపు అదిమిపట్టమను, నువ్వు మానిఫోల్డ్ కాడ చెవిపెట్టు. టక్‌టక్‌మని వినిపిస్తే, మానిఫోల్డ్ అతుకు కాడి గ్యాస్కెట్ (సందు మూసే పట్టీ) అంచున మసి చార కనిపిస్తే, ముందు గ్యాస్కెట్ మార్చు. సందు లేకుంటే ముందర సెన్సరే అనుకో. థర్మోస్టాట్ పని, ఈ పని రెండూ ఒకేసారి చేయించకు, దేనివల్ల ఎంత లాభం వచ్చిందో తెలువది.

పరకాల_పెట్రోల్

అన్నా, నీకు పెద్ద దండం. పోయిన ఎండాకాలం వేరే దగ్గర థర్మోస్టాట్ తీసేసిండ్రట, ఇప్పుడు అడిగితే ఒప్పుకున్నరు. కొత్తది వేయించినంక కూలెంట్ 85, 90 మధ్య ఉంటుంది, మైలేజ్ 14న్నరకు వచ్చింది. లీకు ఏం లేదు, ట్రిమ్ మాత్రం ప్లస్ 12 దగ్గరనే ఆగింది. తర్వాత ముందర సెన్సర్ ఒక్కటే కొత్తది బిగిపించిన. ట్రిమ్ ఇప్పుడు 2, 3 దగ్గర ఉంటుంది, నిన్న ఫుల్ ట్యాంకు లెక్కల 17కు దగ్గరొచ్చింది. వెనకదాన్ని ముట్టలే.

జగిత్యాల_జెన్

నాది ఇంకా పాత బండి, కంపెనీ కనెక్టర్‌తోని సెన్సర్ దొరుకుతలేదు. యూనివర్సల్ సెన్సర్ వైర్లు కలిపి వేయొచ్చా?

ములుగురోడ్డు_ఎలక్ట్రికల్

నాలుగు వైర్ల సెన్సర్ అయితే వేయొచ్చు, కాని రంగులు కంపెనీకొక తీరుగ ఉంటయి. బాష్‌ల రెండు తెల్లవి హీటర్‌వి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది గ్రౌండ్. డెన్సోల రెండు నల్లవి హీటర్‌వి, నీలంది సిగ్నల్, తెల్లది గ్రౌండ్. కంపెనీలు వేరైనప్పుడు రంగుకు రంగు కలిపితే సెన్సర్ కాలిపోవచ్చు. టంకం పెట్టకు, క్రింప్ చేసి (వైర్లను లోహపు తొడుగుల పెట్టి నొక్కి) స్లీవ్ వేయి. సెన్సర్‌కు కావాల్సిన బయటి గాలి చాలా రకాలల్ల ఆ వైరు పోగుల మధ్య నుంచే పోతది, టంకం దాన్ని మూసేస్తది. పాత సెన్సర్ ఊడకుంటే ఇంజన్ కొంచెం వెచ్చగున్నప్పుడు తుప్పు వదిలే నూనె కొట్టి, 22 నంబర్ పానాతోని తిప్పు. మర చుట్టూ సిలికాన్ పేస్ట్ మాత్రం రాయకు, దాని ఆవిరి తగిలితే కొత్త సెన్సర్ కూడా పాడైపోతది.