అమ్మకు ఆ ఇంజెక్షన్ వేయించాలా, వద్దా? (కీళ్లవాతం, టీబీ భయం)

పల్నాడు_అబ్బాయి · సోమవారం రాత్రి 9:12

మా అమ్మకు 54 ఏళ్లు. పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్ 20 మి.గ్రా., దానికి తోడు లెఫ్లునోమైడ్, నాలుగేళ్లుగా రోజూ ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్ మాత్ర) 10 మి.గ్రా. ఇన్ని వాడినా పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్లు వంగవు. మొన్న గుంటూరులో చూపిస్తే, ఇక మాత్రలతో లాభం లేదు, పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదాం అన్నారు డాక్టరమ్మ. ముందు టీబీ టెస్టులు రాశారు. ఎందుకండీ అంటే, "ఒంట్లో టీబీ నిద్రపోతూ ఉంటే ఈ ఇంజెక్షన్‌తో లేవొచ్చు, అందుకని" అన్నారు. ఇక అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. నాన్న వద్దంటున్నారు. అక్క కూడా వద్దనే అంటోంది. నేనే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఒంటరి_తాడి · రాత్రి 9:40

వద్దు బాబూ. మా ఆవిడకు కూడా ఇదే జబ్బు, ఇలాంటి ఇంజెక్షనే. మూడోది వేశాక జ్వరం మొదలైంది. నాలుగో నెల తిరక్కుండానే పోయింది. టీబీ అని చివర్లో తేలింది, అదీ ఊపిరితిత్తుల్లో కాదు, పొట్టలో. నొప్పితో మనిషి బతుకుతుంది. నేను చెప్పేది అంతే.

పసుపు_పాలు · రాత్రి 9:51

రోగనిరోధక శక్తి పెంచుకుంటే ఇవేవీ అక్కర్లేదు. రోజూ చ్యవనప్రాశ వాడమనండి.

మందుల_కొట్టు_మావయ్య · రాత్రి 10:05

అయ్యా పసుపు పాలు గారూ, ఈ జబ్బులో వాళ్ల రోగనిరోధక శక్తే వాళ్ల కీళ్ల మీద పడుతోంది. దాన్ని ఇంకా పెంచమంటారా?

పల్నాడు అబ్బాయికి: అందరూ ఇంజెక్షన్ వైపే చూస్తున్నారు. నాకు భయం వేసింది ఆ 10 మి.గ్రా. స్టెరాయిడ్ చూసి. అమెరికాలో ఈ జబ్బుతో మెడికేర్ బీమా కింద ఉన్న లక్షా డెబ్బై వేల మంది లెక్కలు తీసి 2020లో అచ్చువేశారు. ఇన్ఫెక్షన్‌తో ఏడాదిలో ఆస్పత్రిలో చేరినవాళ్లు, స్టెరాయిడ్ అసలు వాడనివాళ్లలో 8.6 శాతం. 5 మి.గ్రా. లోపు వాడినా 11 శాతం. 5 దాటి 10 దాకా 14.4. పది దాటితే 17.7. వాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, కాబట్టి అంకెలు మీ అమ్మగారికి యథాతథంగా సరిపోవు. కానీ మెట్టు మెట్టుగా పెరగడం చూడండి. ఇంజెక్షన్ పనిచేస్తే ఆ మాత్ర తగ్గించుకోవచ్చు. ఆ లెక్క ఎవరూ వేయట్లేదు.

డాలస్_బాబాయ్ · రాత్రి 10:20

అడాలిముమాబ్ చవక రకం మీకు 2014లోనే వచ్చింది. ఇక్కడ మాకు 2023 దాకా రాలేదు. అదృష్టవంతులు, వాడుకోండి.

మెలికల_వేళ్లు · రాత్రి 11:02

తాడి గారూ, మీకు జరిగింది ఎవరికీ జరగకూడదు. కానీ "నొప్పితో మనిషి బతుకుతుంది" అన్నారు చూడండి, ఆ మాట నేను ఒప్పుకోను.

నాకు 2006లో, ఇరవై మూడేళ్లప్పుడు వచ్చింది ఈ జబ్బు. మాది హనుమకొండ. మెథోట్రెక్సేట్ రాస్తే మావాళ్లు వద్దన్నారు. పిల్లలు పుట్టరట, లివర్ పోతుందట. (గర్భం కావాలనుకున్నప్పుడు ముందే ఆపాలన్న మాట నిజం. దాన్ని పట్టుకొని జన్మలో వాడొద్దు అని తేల్చేశారు.) దాని బదులు ఒకాయన దగ్గర పొట్లాలు తెచ్చేవాళ్లు. ప్రతి గురువారం ఏడు పొట్లాలు, తెల్లటి పొడి. తిన్న రెండో రోజుకే నొప్పులు మాయం. ఎంత మంచి మందో అని ఊరంతా చెప్పుకున్నాం. ఏడాదికి ముఖం చంద్రబింబం అయింది, షుగరు వచ్చింది. 2011లో న్యుమోనియాతో పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నా. అక్కడి డాక్టరు పొట్లం చేతిలో పట్టుకొని "ఇది స్టెరాయిడ్ అమ్మా" అన్నాడు. అప్పటికి నేను బయొలాజిక్ (ఈ రకం ఇంజెక్షన్లను అలా అంటారు) అన్న మాటే వినలేదు. మరి నా ఇన్ఫెక్షన్ ఏ ఇంజెక్షన్ తెచ్చింది?

ఆ అయిదారేళ్లలో పోయిన వేళ్లు మళ్లీ రాలేదు. గుండీ పెట్టుకోలేను. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

ఇవేవీ ముప్పు లేని మందులని నేను చెప్పను. మధ్యలో ఒక ఏడాది టోఫాసిటినిబ్ మాత్రలు వాడితే నడుము చుట్టూ సర్పి లేచి రెండు నెలలు మంటతో పడుకోలేదు. ఇప్పుడు ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్. దానితో టీబీ ముప్పు అడాలిముమాబ్ కన్నా తక్కువని చెప్పే ఇచ్చారు. మీ డాక్టరమ్మను అది కూడా అడుగు తమ్ముడూ.

లూపస్_చెల్లి · రాత్రి 11:15

ఫాలోయింగ్. నాకు జ్వరం వస్తే అది జబ్బు తిరగబెట్టడమో ఇన్ఫెక్షనో తెలియక ప్రతిసారీ నరకం.

ఒంటరి_తాడి · మంగళవారం ఉదయం 6:30

టెస్టులు చేస్తే సరిపోతుందని అందరూ అంటున్నారు. మా ఆవిడకు చేయలేదనుకున్నారా? ఎక్స్-రే తీశారు, క్లియర్. మాంటూ (చర్మానికి వేసి బుడిపె కొలిచే టీబీ పరీక్ష) వేశారు, 7 మి.మీ. పది దాటలేదు కాబట్టి నెగటివ్. అన్నీ బాగున్నాయనే మొదలుపెట్టారు. ఇప్పుడు చెప్పండి.

మందుల_కొట్టు_మావయ్య · ఉదయం 8:10

ఒక్క నిమిషం. 7 మి.మీ. నెగటివ్ అని ఎవరన్నారు? ఆమె స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ మీద ఉన్నారు కదా. అలాంటివాళ్లకు 5 ఉంటేనే పాజిటివ్ కింద లెక్క. పది అన్నది మామూలువాళ్లకు.

ఒంటరి_తాడి · ఉదయం 8:22

రిపోర్టు మీద అచ్చేసి ఉంది. "10 మి.మీ. పైన పాజిటివ్." నేను రాశానా?

మందుల_కొట్టు_మావయ్య · ఉదయం 8:31

ల్యాబులో అందరికీ ఒకటే కాగితం. పేషెంటు ఏ మందుల మీద ఉన్నారో ఆ కాగితానికి తెలియదు. చదివే మనిషికి తెలియాలి. నిజానికి స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు ఆ బుడిపె రావాల్సినంత రాదు. ఏడు వచ్చిందంటే గట్టిగానే వచ్చినట్టు.

ఒంటరి_తాడి · ఉదయం 8:40

అంటే రిపోర్టు అబద్ధం, మీరు నిజం.

మందుల_కొట్టు_మావయ్య · ఉదయం 8:52

రిపోర్టు అబద్ధమని అనలేదండీ. 5 అన్నది నా సొంత లెక్కా కాదు. 2001లో ఈ రకం ఇంజెక్షన్లలో మొదట వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో 70 టీబీ కేసులు బయటపడ్డాయి. అందులో 40 మందికి ఊపిరితిత్తుల బయట, మీ ఆవిడకు వచ్చినట్టే. అప్పటినుంచే ఈ పరీక్షలు. పాజిటివ్ వస్తే ఇంజెక్షన్ జన్మలో వద్దని కాదు. టీబీ మాత్రలు ఐసోనియాజిడ్ మొదలుపెట్టి, కనీసం నెల ఆగి, అప్పుడు ఇంజెక్షన్. మీకు ఆ మాత్రలు ఇచ్చారా?

ఒంటరి_తాడి · ఉదయం 8:58

నెగటివ్ అన్నాక ఎందుకిస్తారు?

మెలికల_వేళ్లు · ఉదయం 9:30

అయితే తాడి గారూ, మీ ఆవిడను చంపింది ఇంజెక్షన్ కాదు. 7ని చూసి 10 కాదన్న మనిషి. మీరు నిన్నటినుంచీ ఇంజెక్షన్‌ను తిట్టి ఇంకో అమ్మ చేతులు కూడా పోయేలా చేస్తున్నారు.

ఒంటరి_తాడి · ఉదయం 9:34

మీరు నాకు చెప్పాల్సిన పని లేదు. మీ వేళ్లు పోయాయి. నా మనిషి పోయింది. రెండూ ఒకటేనా?

డాలస్_బాబాయ్ · ఉదయం 9:50

క్వాంటిఫెరాన్ అనే టీబీ రక్తపరీక్ష చేయిస్తే ఈ మిల్లీమీటర్ల గొడవే ఉండదు కదా.

మందుల_కొట్టు_మావయ్య · ఉదయం 10:02

ఉంటుంది సార్. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల అది తప్పుగా పాజిటివ్ రాదు, అంతవరకు మేలు. కానీ స్టెరాయిడ్ మీద ఉంటే అదీ తేలకపోవచ్చు. అందుకే ఎక్స్-రే, పరీక్ష, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న ప్రశ్న, మూడూ కలిపి చూస్తారు. మనవాళ్లు మూడోదానికి నిజం చెప్పరు.

నిర్వాహకుడు · ఉదయం 10:15

"చంపింది" లాంటి మాటలు వద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాను.

మెలికల_వేళ్లు · మధ్యాహ్నం 1:20

ఆ మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నా.

కానీ నన్ను మండించింది వేరే ఉంది. ఈ తమ్ముడి మొదటి పోస్టు మళ్లీ చదవండి. నాన్న వద్దన్నారు, అక్క వద్దంది, నేను తేల్చుకోలేకపోతున్నా అన్నాడు. అమ్మ ఏమందో ఒక్క ముక్క లేదు. నాకూ ఇంతే జరిగింది. మా నాన్న, అన్న, మేనమామ కూర్చొని తేల్చారు. నేను లోపల టీ పెడుతున్నా, గిన్నె పట్టుకోలేక రెండు చేతులతో. ముప్పు ఉంటే ఉందని నాకు చెప్పండి, పడతానో లేదో నేను చూసుకుంటా. నొప్పితో బతకొచ్చని మీరెలా చెప్తారు, నొప్పి మీది కానప్పుడు?

ఒంటరి_తాడి · మధ్యాహ్నం 3:45

పొద్దున్నించి ఫోను పక్కన పెట్టేశా. మళ్లీ తీశా.

అమ్మా, మా ఆవిడను అడక్కుండా ఎవరూ వేయలేదు. తనే అడిగి వేయించుకుంది. అమ్మాయి పెళ్లిలో పీటల మీద కూర్చోవాలని. అప్పటికి కింద కూర్చొని నాలుగేళ్లు. ముప్పు ఉందని డాక్టరు నాకూ తనకూ చెప్పాడు. తను నా వైపు చూసింది. నేను నీ ఇష్టం అన్నాను. మీరు అంటున్నారే, పేషెంటుకే వదిలేయాలని. వదిలేశాను. కూర్చుంది కూడా, గంటా నలభై నిమిషాలు, లేవడానికి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

పెళ్లయిన తొమ్మిదో రోజు నుంచి జ్వరం. సాయంత్రం అయితే వచ్చేది, పొద్దున చెమట పట్టి తగ్గేది. మూడుసార్లు ఫోన్ చేశాను. జబ్బు తిరగబెట్టిందన్నారు, స్టెరాయిడ్ పెంచమన్నారు. పెంచాను. మధ్యలో ఇంజెక్షన్ తేదీ వస్తే అదీ వేయించాను. పదిహేడు రోజులు అలాగే చూశాం. నేను వద్దనలేదు. దేనికీ వద్దనలేదు. అందుకే నిన్న ఈ అబ్బాయికి వద్దని చెప్పాను.

లూపస్_చెల్లి · సాయంత్రం 4:10

🙏

మందుల_కొట్టు_మావయ్య · సాయంత్రం 5:30

ఉదయం నేనూ మిల్లీమీటర్లు పట్టుకొని సాగదీశాను. క్షమించండి.

పల్నాడు అబ్బాయికి, జ్వరం సంగతి వచ్చింది కాబట్టి. జ్వరం ఉండగా ఇంజెక్షన్ తేదీ వస్తే వేయించకండి, డాక్టరమ్మకు ఫోన్ చేశాకే. మెథోట్రెక్సేట్ కూడా ఆ వారం ఆపమనవచ్చు, అడగండి. స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. నాలుగేళ్లుగా మింగుతున్న ఒళ్లు ఒక్కసారి మానేస్తే తట్టుకోదు, బీపీ పడిపోతుంది. కీళ్లన్నీ మామూలుగా ఉండి ఒక్కటే ఎర్రగా వాచి కాలుతుంటే అది వాతం అనుకోకండి, చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి. ఇంకోటి, మూత్రంలో మంటకు ఎవరైనా కోట్రైమాక్సజోల్ రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పండి. రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. నా కౌంటర్ మీదే ఇద్దరిని వెనక్కి పంపాను. ఒకరు పోట్లాడి పక్క షాపులో కొనుక్కున్నారు.

పసుపు_పాలు · సాయంత్రం 5:44

చ్యవనప్రాశ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫ్లూ టీకా అయినా వేయించొచ్చా, అదీ ఇమ్యూనిటీ పెంచేదేనా?

మందుల_కొట్టు_మావయ్య · సాయంత్రం 5:52

వేయించొచ్చు, వేయించాలి. న్యుమోనియా టీకా కూడా. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం వీళ్లకు పడవు.

పల్నాడు_అబ్బాయి · బుధవారం రాత్రి 10:30

అందరికీ థాంక్సండీ. మెలికల వేళ్లు అక్క ఇక్కడ అన్న మాట చదివి సిగ్గేసింది. నిన్న రాత్రి అమ్మను అడిగాను. "నువ్వు బయట బిల్లు కడుతున్నప్పుడే డాక్టరమ్మకి సరే అని చెప్పేశా. మీరు ముగ్గురూ ఎప్పుడు తేలుస్తారా అని చూస్తున్నా" అంది. ఫ్రిజ్‌లో పచ్చళ్ల అర ఖాళీ చేసి, తుడిచి పెట్టుకుంది కూడా, ఇంజెక్షన్లకని.

ఇంకోటి. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అని డాక్టరమ్మ అడిగితే నేను లేదన్నాను. నిజంగా నాకు తెలియదు. 2015లో మా నాయనమ్మకు వచ్చిందట, ఆరు నెలలు మందులు వాడారట. నేను హాస్టల్లో ఉన్నా, ఎవరితోనూ అనొద్దని నాకూ చెప్పలేదు. పక్కన పడుకొని చూసుకుంది అమ్మే. పొద్దున ఫోన్ చేసి చెప్పాను. క్వాంటిఫెరాన్‌కు రక్తం ఇచ్చాం. అది ఎలా వచ్చినా ముందు టీబీ మాత్రలే మొదలుపెట్టొచ్చు, రిపోర్టు తీసుకొని రండి, మాట్లాడదాం అన్నారు. నాన్న ఇంకా వద్దనే అంటున్నారు. అమ్మ వినట్లేదు.

మెలికల_వేళ్లు · రాత్రి 10:41

అమ్మకు నా నమస్కారం చెప్పు. 😄

ఒంటరి_తాడి · రాత్రి 11:55

కరెంటు పోతే ఇంజెక్షన్‌ను ఐస్ ముక్కలకు ఆనించకండి బాబూ, గడ్డకడితే పనికిరాదు. మధ్యలో గుడ్డ పెట్టండి.

థర్మామీటర్ ఒకటి కొనండి. రోజూ సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. మా ఇంట్లో ఉండేది కాదు, నేను నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి.