సమస్యాపూరణం: "దిగుచు దిగుచు నింగి కెగసె నతడు"

నిర్వాహకుడు: అందరికీ నమస్కారం. సెలవులు దగ్గరికొచ్చాయి, ఎవరికి ఏ కానుక కావాలన్న మాట ఇళ్ళలో మొదలై ఉంటుంది. నన్నడిగితే ఒకటే చెబుతాను, ఇంజను లేని విమానంలో, అంటే గ్లైడర్‌లో, ఒక్క గంట. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక ఇది, అందుకే ఈసారి సమస్య కూడా అందులోంచే ఇస్తున్నాను.

దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం, ముందరి మూడు పాదాలు మీరు రాయాలి. నియమం ఒక్కటే: పద్యంలో ఎక్కడో ఒకచోట ఒక కానుక ఉండాలి, వస్తువే కానక్కరలేదు.

కొత్త సభ్యుడు: అయ్యా, మొదట ఒక సందేహం. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు కుదరడమే యతి అని నేర్చుకున్నాను. ఇక్కడ నాలుగో గణం "కెగసె". "ది"కి, "కె"కి యతి కుదరలేదు కదా? సమస్యలోనే తప్పుందా?

మాస్టారు: తప్పు లేదు బాబూ, ఇది ప్రాసయతి. "దిగు", "కెగ" చూడు, రెండో అక్షరం రెండు చోట్లా గకారమే, దానికి ముందున్నవి రెండూ లఘువులే. ఆటవెలదిలో, తేటగీతిలో ఇది చెల్లుతుంది. కందంలో, వృత్తాల్లో చెల్లదు.

అక్కయ్య: ఇదిగో నా పూరణ, మొదటి బోణీ నాదే కావాలని రాత్రే రాసి పెట్టుకున్నాను.

ఎండఁ గాగి పైకి నేగెడు గాలిలో
గ్రద్ద రీతి సుడులఁ గలిసి తిరిగి
కానుకైన గంట గగనాన గడుపంగ
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

మాస్టారు: చక్కగా నడిచింది అక్కయ్యా. "ఎండ"కు "ఏగెడు"తో అచ్చు యతి, "కానుక"కు "గగనాన"తో వర్గ యతి, ఎక్కడా తడబాటు లేదు. "కానుకైన గంట" అన్న మాట నాకు బాగా నచ్చింది, కాలాన్నే కానుక చేశావు. కానీ ఒకటి అడుగుతాను, పైకి లేచే గాలిలో ఉన్నవాడు ఎగశాడంటే సరే, దిగుచు దిగుచు ఎందుకయ్యాడు? ఆ విరుపు పద్యంలో నాకు కనబడలేదు.

పైలట్ అమ్మాయి: మాస్టారూ, ఆ ముడి పద్యంలో ఉంది, కాకపోతే గ్లైడర్ తోలినవాళ్ళకి వెంటనే తగులుతుంది, తోలనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఇంజను లేదు కాబట్టి గ్లైడర్ గాలిలో ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది, ఆ దిగడంలోంచే దానికి ముందుకు పోయే వేగం వస్తుంది, నిలకడగా ఎగురుతున్నంత సేపూ ఆ దిగడం ఆగదు. శిక్షణకి ఎక్కువగా వాడే ఏఎస్‌కే 21 అనే రెండు సీట్ల గ్లైడర్ కదలని గాలిలో ఒక మీటరు దిగే లోపు సుమారు 34 మీటర్లు ముందుకు పోతుంది, మామూలు వేగంలో సెకనుకి మీటరు కూడా దిగదు. ఇప్పుడు ఎండకి వేడెక్కిన నేల మీది గాలి సెకనుకి రెండు మీటర్లు పైకి లేస్తోందనుకోండి, ఆ గాలిలో గ్లైడర్ దిగుతూనే ఉంటుంది, కానీ నేల నుంచి చూస్తే సెకనుకి మీటరుకి పైగా ఎక్కుతూ ఉంటుంది. పైకి వెళ్ళే ఎస్కలేటర్ మీద నిదానంగా కిందికి మెట్లు దిగుతున్న మనిషిని తలచుకోండి, అంతే. అక్కయ్యగారు గద్దను తెచ్చారు చూశారా, అది ఊరికే ఉపమానం కోసం కాదు, గద్దలు తిరుగుతున్న చోట థర్మల్, అంటే వేడెక్కి పైకి లేచే గాలి, ఉందని మేం నిజంగానే అటు తిప్పుతాం.

మాస్టారు: తల్లీ, ఇంత ఉందని తెలియక అడిగాను. అయితే సమస్యలో అసంబద్ధమే లేదు, అది గ్లైడర్ చేసే పని. అక్కయ్యా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పైలట్ అమ్మాయి: ఒక్క ఎండే కాదు మాస్టారూ. గాలి కొండకి తగిలి పైకి మళ్ళితే ఆ అంచు వెంట ఎగరొచ్చు. పెద్ద పర్వతాలు దాటిన గాలి అవతలి వైపు అలలు అలలుగా లేస్తుంది, దాని మీద ఇంకా పైకి పోవచ్చు. 2003లో ఆండీస్ పర్వతాల అలల మీద ఒకే రోజులో 3,000 కిలోమీటర్లకు పైగా ఎగిరారు, 2018లో అర్జెంటీనాలో పెర్లాన్ 2 అనే గ్లైడర్ 22 కిలోమీటర్లు దాటి పైకి వెళ్ళింది. ఇవన్నీ దిగుతూ దిగుతూ చేసినవే.

నిఘంటువుల సభ్యుడు: నేను వేరే దారి పట్టాను. "దిగుచు" అంటే కిందికి వచ్చుట ఒక్కటే కాదు, లాగుట అన్న అర్థం కూడా పాత తెలుగులో ఉంది. గ్లైడర్‌ని నేల మీది వించి యంత్రం పొడవాటి తాడుతో లాగి పైకి లేపుతుంది కదా, దాని మీద అల్లాను.

కన్నవారి కాన్క గ్లైడరు నెక్కగా
నావలున్న వించి యతని తాడు
వేగమందుకొనుచు విసురుగా వెనువెంట
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

కొత్త సభ్యుడు: "కాన్క గ్లైడరు" దగ్గర, తర్వాత "గ్లై" ఉంది కాబట్టి "న్క" గురువైపోదా?

మాస్టారు: కాదు. రెండూ విడి పదాలు, సంస్కృత సమాసం కాదు, ముందు అక్షరం లఘువుగానే నిలుస్తుంది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అర్థాన్ని వెతికి తెచ్చిన తీరుకి అభినందనలు, కానీ వ్యాకరణం అడ్డం తిరిగింది. లాగుట అన్న అర్థంలో ధాతువే "దిగుచు", కాబట్టి "లాగుతూ" అనాలంటే "దిగుచుచు" రావాలి, శ్లేష కోసం దాన్ని వదిలేద్దాం. ఏ అర్థంలోనైనా "దిగుచు"కి, చివర "ఎగసె"కి కర్త ఒక్కడే కావాలి. ఇక్కడ లాగేది వించి, ఎగసింది అతడు. "వంట చేస్తూ నేను తిన్నాను" అంటే వంట చేసింది కూడా నేనే అవుతాను కదా, ఇదీ అంతే.

నిఘంటువుల సభ్యుడు: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. రెండు గంటల నుంచి కుస్తీ పడుతున్నాను, లాగేది యంత్రమే కదా, అతని చేత ఏం లాగించాలో తోచడం లేదు.

పైలట్ అమ్మాయి: అన్నయ్యగారూ, అతను లాగేది ఉంది! వించి తాడు లాగుతుండగా, కాస్త ఎత్తు వచ్చాక, పైలట్ ఎదురుగా ఉన్న, గ్లైడర్‌ని తోలే కర్రను నెమ్మదిగా తనవైపు లాక్కోవాలి, అప్పుడే ముక్కు లేచి నిటారుగా ఎక్కుతుంది. గట్టిగా గుంజకూడదు, వేళ్ళతోనే.

మాస్టారు: బంగారం లాంటి మాట చెప్పావు. అయితే చివరి మూడు పాదాలు ఇలా మారిస్తే?

తాడు పట్టి వించి త్వరగ లాగ
ముందరున్న కర్ర మునివేళ్ళ తనవైపు
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

"లాగ" అంటే లాగుతుండగా, దానికి కర్త వేరైనా ఇబ్బంది లేదు. "దిగుచు"కీ "ఎగసె"కీ కర్త అతడే.

నిఘంటువుల సభ్యుడు: నా పద్యం బతికింది. ఇద్దరికీ నమస్కారాలు.

కొత్త సభ్యుడు: నేనూ ఒకటి ప్రయత్నించాను, నా రెండో పద్యం ఇది, తప్పులుంటే చెప్పండి. మా అబ్బాయికి పోయిన సెలవుల్లో బొమ్మ గ్లైడర్ కొనిచ్చాం, ఇంట్లో అందరం దాని వెంటే పరుగులు.

బుల్లి గ్లైడ రొకటి వచ్చెను కానుక
ముక్కు బరువు తగ్గి మునిగి తేలి
వాలు దిగెడు బొమ్మ వైపున పరుగెత్తి
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

మాస్టారు: రెండో పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. మొదటి పాదంలో యతి ఒక్కటి చూడు. "బు"కి "వ" వేశావు. హల్లుల వరకు మైత్రి ఉంది, ప ఫ బ భ లకి వకారం చెల్లుతుంది. కానీ హల్లుతో పాటు అచ్చు కూడా కలవాలి, ఉకారానికి అకారం కలవదు. "వచ్చెను" బదులు "పొందెను" అను, ఉ ఒ లకు మైత్రి కాబట్టి సరిపోతుంది.

అక్కయ్య: నాదొక మాట తమ్ముడూ. వాలు దిగుతూ పరుగెత్తిన పిల్లవాడు నింగికెలా ఎగశాడు? మనసులో ఎగశాడని నీ ఉద్దేశం, నాకు తెలుస్తోంది, ఆ మాట పద్యంలోకి రావాలి. మూడో పాదం ఇలా చూడు: "వాలు వెంట నురికి వడిగాను, మదిలోన". అప్పుడు కాళ్ళు దిగుతాయి, మనసు ఎగురుతుంది.

కొత్త సభ్యుడు: అక్కయ్యగారూ, చదువుతుంటే వాడే కళ్ళ ముందు కనబడ్డాడు. రెండు మార్పులూ తీసుకుంటున్నాను.

పైలట్ అమ్మాయి: "ముక్కు బరువు తగ్గి మునిగి తేలి" అన్న పాదం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి, నాకు అన్నిటికంటే అదే నచ్చింది! బొమ్మ గ్లైడర్ ముక్కెత్తి, వేగం పోయి, దబ్బున వాలి, మళ్ళీ ముక్కెత్తి అలా పోతుంటే ముక్కు దగ్గర చిటికెడు బంకమన్ను అంటించండి. నేరుగా నేలకి పొడుచుకుంటే ఆ మన్ను కొంచెం తీసెయ్యండి. రెక్క ముందు అంచు నుంచి సుమారు మూడో వంతు దగ్గర రెండు వేళ్ళ మీద నిలబెడితే అటూ ఇటూ వాలకుండా ఉండాలి. పిల్లలకి ఈ పని వాళ్ళ చేతే చేయించండి. ఎగరడంలో సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది, పెద్ద గ్లైడర్‌లో కూడా ఎక్కేవాళ్ళ బరువు చూసి ఇదే లెక్క వేస్తాం.

చరిత్ర సభ్యుడు: నాది లిలియెంతాల్ మీద, రైట్ సోదరుల కంటే ముందే గ్లైడర్లతో ఎగిరిన జర్మన్ ఆయన.

కట్టి రెక్క లొడలఁ గట్టువాలున నుర్కి
రెండు వేల సార్లు రివ్వు మనుచు
నేర్పు కాన్క చేసె నేటి వారల కెల్ల
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

"రెండు వేలు" ఛందస్సు కోసం వేసిన అంకె కాదు. 1891 నుంచి 1896 దాకా ఆయన సుమారు అన్నిసార్లు ఎగిరాడు. బెర్లిన్ దగ్గర ఎగరడం కోసమే 15 మీటర్ల మట్టిదిబ్బ పోయించుకున్నాడు, ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా దానికి ఎదురుగా పరుగెత్తొచ్చని.

మాస్టారు: ఇప్పటి వరకు వచ్చిన వాటిలో సమస్యకి బాగా ఒదిగిన పూరణ ఇదే అంటాను. దిగింది కొండ మీంచి, ఎగసింది గాలిలోకి, కర్త ఒక్కడే, ఏ వివరణా అక్కరలేదు. వస్తువు కాని కానుక అంటే ఇదే.

అక్కయ్య: చివరి పాదం చదివాక నాకు గుండె కలుక్కుమంది. ఆయన పడిపోయి చనిపోయాడు కదా, "నింగి కెగసె" అంటే ఆ అర్థం కూడా వస్తోంది. కావాలనే పెట్టారా?

చరిత్ర సభ్యుడు: లేదక్కయ్యా, రాస్తున్నప్పుడు తోచలేదు, మీరన్నాకే చూశాను. 1896 ఆగస్టు 9న గాలిలో వేగం పోయి, గ్లైడర్ పట్టు తప్పి సుమారు 15 మీటర్ల పైనుంచి పడ్డాడు, మర్నాడు పోయాడు. ఆ మరణవార్తే రైట్ సోదరులని మళ్ళీ ఎగరడం వైపు తిప్పింది. ఆ రెండో అర్థాన్ని అలాగే ఉండనిస్తాను.

నిర్వాహకుడు: రైట్ సోదరుల మాట వచ్చింది కాబట్టి నా పూరణ ఇప్పుడే పెట్టేస్తాను. 1878లో వాళ్ళ నాన్న పని మీద ఊరెళ్ళి వస్తూ వెదురు, బెండు, కాగితంతో చేసిన ఒక ఎగిరే బొమ్మ తెచ్చి, చేతిలో దాచి, గదిలో పైకి విసిరాడట, అది రబ్బరు బ్యాండు విప్పుకుంటూ కప్పు దాకా లేచింది. అప్పటికి విల్బర్‌కి పదకొండేళ్ళు, ఆర్విల్‌కి ఏడు. ఇంజను విమానం ఎగరేసి ప్రపంచమంతా పేరొచ్చాక కూడా ఆర్విల్ 1911లో తాము మొదట ఎగిరిన ఇసుక దిబ్బలకే తిరిగొచ్చి, ఇంజను లేని గ్లైడర్ మీద ఎదురుగాలిలో 9 నిమిషాల 45 సెకన్లు నిలిచాడు. దాదాపు పదేళ్ళ దాకా దాన్ని ఎవరూ దాటలేదు.

తండ్రి చిన్ననాడు దయతోడ నిచ్చిన
బొమ్మ తలపు నిండ, పొంగు గాలి
యిసుక దిబ్బపైన నెదురుగా తగులంగ
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

మాస్టారు: కథ గొప్పది. పద్యంలో "బొమ్మ తలపు నిండ" దగ్గర కొంచెం బిగువు సడలింది, "నిండ" తర్వాత ఆగకపోతే తలపులో గాలి నిండినట్టు వినిపిస్తుంది. చదివేటప్పుడు కామా దగ్గర ఆగి చదవాలి. యతులన్నీ బాగున్నాయి.

పైలట్ అమ్మాయి: ఇన్ని పద్యాల మధ్య నాది పెట్టడానికి కొంచెం టెన్షన్‌గానే ఉంది. మొదట "కెగసె నామె" అని మార్చి రాద్దామనుకున్నాను, గణం కూడా సరిపోయింది, కానీ ఇచ్చిన పాదం మార్చకూడదని ఊరుకున్నాను. తర్వాత "అతడు" ఎవరో తెలిసింది. పోయిన సెలవుల్లో మా నాన్నని నా గ్లైడర్‌లో ఎక్కించాను.

కూతు రిచ్చినట్టి కూర్మి కానుక యంచు
ముందు సీటులోన ముడుచుకొనుచు
కళ్లు మూసి తెరచి కనులారగా నవ్వి
దిగుచు దిగుచు నింగి కెగసె నతడు

మాస్టారు: అమ్మా, మూడో పాదంలో కళ్ళు, కనులు రెండూ పడ్డాయి, పునరుక్తి. "గలగల నవ్వుచు" అంటే యతి నిలుస్తుంది, నవ్వు వినిపిస్తుంది కూడా. మిగతా పద్యంలో నేను చెయ్యి పెట్టను.

కొత్త సభ్యుడు: భయపడే మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టారా?

పైలట్ అమ్మాయి: చాలా రెండు సీట్ల గ్లైడర్లలో ఒకరి వెనుక ఒకరం కూర్చుంటాం. తోలే బాధ్యత ఉన్నవాళ్ళు వెనుక, నేర్చుకునేవాళ్ళో చుట్టాలో ముందు. ముందు సీట్లో మనకీ ఆకాశానికీ మధ్య ఆ గాజు కప్పు తప్ప ఏమీ ఉండదు. తాడు వదిలాక ఇంజను చప్పుడు లేదు, రెక్కల మీద గాలి సన్నగా ఈల వేస్తున్నట్టు ఉంటుంది, మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. నాన్న పది నిమిషాల దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు మనం దిగుతున్నామా, ఎక్కుతున్నామా?" అని అడిగాడు. రెండూ నాన్నా అన్నాను.

ఈ సెలవులకి ఎవరికైనా ఇలాంటి గంట కానుకగా ఇవ్వాలనుకుంటే ఒక్క సంగతి. ఫలానా రోజే అని ముడి పెట్టకండి, గాలి, మబ్బు ఒప్పుకోవాలి. వాళ్ళ బరువు కూడా ముందే కనుక్కోండి, సీటుకి ఇంతకు మించకూడదని ఉన్నట్టే ఇంతకు తగ్గకూడదని కూడా ఉంటుంది. పిల్లలు నేర్చుకోవాలంటే చాలా దేశాల్లో పద్నాలుగేళ్ళకే ఒంటరిగా ఎగరనిస్తారు.

నిర్వాహకుడు: "రెండూ నాన్నా" అన్న మాట చదివి నేను కూడా కాసేపు ఏమీ రాయలేకపోయాను. సమస్య ఇచ్చింది నేనే అయినా దాని అర్థం నాకు ఇవాళే తెలిసింది.

వచ్చే వారం సమస్య కూడా ఈ అమ్మాయి గ్లైడర్‌లోంచే తీసుకుంటున్నాను, గాజు కప్పు మీద అతికించి ఉండే ఒక చిన్న ఊలుపోగు ఫొటో నాకు పంపింది. గ్లైడర్ గాలిలో సూటిగా పోతోందా, పక్కకి జారుతోందా అని పైలట్‌కి చెప్పేది అదేనట. తేటగీతి, చివరి పాదం:

ఊలుపోగు విమానము నూపుచుండె