6174: మా స్కూటీ నంబరు దగ్గర లెక్క ఎందుకు తప్పుతోంది?

సెల్లార్‌లెక్కలు:
ఏడో క్లాసు చదివే మా అమ్మాయి బడి నుంచి ఓ ఆట పట్టుకొచ్చింది. నాలుగంకెల సంఖ్య ఏదో ఒకటి తీసుకుని, అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి రాసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యాలట. వచ్చినదానితో మళ్లీ అదే. చివరికి 6174 వచ్చి ఆగుతుందట. సెల్లార్లో బళ్ల నంబర్లన్నీ వేసేసింది. అన్నీ కుదిరాయి, మా స్కూటీ 2111 తప్ప. 2111లోంచి 1112 పోతే 999. 999లోంచి 999 పోతే సున్నా! నాలుగంకెలూ ఒకటే కాకపోతే చాలన్నారే?

బండిబాబు:
స్కూటీ అమ్మెయ్యండి 😀 ఆర్టీఏ వేలంలో లక్షలు పోసి కొనే 9999కి కూడా సున్నాయే కదా వచ్చేది.

పాత_లెక్కలమాస్టారు:
వేళాకోళం అటుంచండి. ఓ సున్నా జారిపోయిందంతే. 999 కాదండీ, 0999. ఈ ఆటలో ఎప్పుడూ నాలుగు గళ్లుండాలి. 9990 − 0999 = 8991. 9981 − 1899 = 8082. 8820 − 0288 = 8532. 8532 − 2358 = 6174. వచ్చేసిందా?

ఎందుకో కూడా అమ్మాయికి చూపించండి. పెద్ద నుంచి చిన్నకి పేర్చిన అంకెలు క, గ, చ, ట అనుకుంటే, తీసివేత ఫలితం 999×(క−ట) + 90×(గ−చ). అంటే లెక్కకొచ్చేవి రెండు తేడాలే. మొదటిది 1 నుంచి 9 లోపు, రెండోది దాన్ని మించదు. అన్నీ కలిపి 54 జతలు. ఎన్ని వేల సంఖ్యలతో మొదలెట్టినా మొదటి తీసివేతకే ఈ 54లో పడాల్సిందే. మా పిల్లల చేత ఆ 54నీ బోర్డు మీద వేయించేవాణ్ణి. ఏడు తీసివేతలు దాటే సంఖ్యే లేదు. 5200కి ఏడూ పడతాయి: 5175, 5994, 5355, 1998, 8082, 8532, 6174.

కనిపెట్టింది మనలాంటి బడిపంతులే, నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్. 1949లో మద్రాసు గణిత సదస్సులో చెప్పాడు. 1975లో అమెరికాలో గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ రాసేదాకా ఆయన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే.

పైథాన్_పోరడు:
నేను 0000 నుంచి 9999 దాంక కోడ్ రాసి నడిపిచ్చిన సార్. ఒకటే అంకెవి పది తీసేస్తే అన్నీ 6174కే వచ్చినయ్. ఐదంకెలకు మాత్రం కుదుర్తలేదు. 53955, 59994 మధ్యల తిరుగుతనే ఉంది!

పాత_లెక్కలమాస్టారు:
తిరుగుతుంది మరి. 6174ని పేర్చితే 7641. తేడాలు 6, 2. సూత్రంలో పెడితే 5994 + 180, మళ్లీ 6174. ఇలా తన తేడాలతో తననే తిరిగి తెచ్చుకునే సంఖ్య ఉంటేనే ఆట ఆగుతుంది. ఐదంకెల్లో సున్నా తప్పిస్తే అలాంటిది లేదు. మూడంకెల్లో 495 ఉంది. ఆరంకెల్లో 549945, 631764 అని రెండున్నాయి, వాటిలో ఆగకుండా సుడి తిరిగే సంఖ్యలు అక్కడ వేరే ఉన్నాయి. రెండంకెలదైతే 09, 81, 63, 27, 45, మళ్లీ 09.

ఇదంతా మనం పదుల పద్ధతిలో, అంటే 0 నుంచి 9 దాకా పది అంకెలతో, రాస్తున్నందుకే. 6174లో నాకు అంతకన్నా నచ్చేది ఇంకోటుంది. దాని అంకెల మొత్తం 18. ఆ 18కి దాని వర్గం 324, ఘనం 5832 కలపండి, 6174 వస్తుంది. ఈ కూడిక మాత్రం ఏ పద్ధతిలో రాసినా మారదు.